బంగాళాదుంపల కింద ఉక్కు కడియం

నేను ఒక లేతుని. ఉక్కు కమ్మీని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రాన్ని. 1909లో జర్మనీలోని కెమ్నిట్జ్ పట్టణంలో పుట్టాను. ఒంటి మీద రంగు ఆరకముందే నన్ను రైలెక్కించి రూర్ ప్రాంతంలోని ఒక కార్ఖానాకు పంపారు. అక్కడ నన్ను నడపడానికి వచ్చినవాడు గుస్తావ్. ముప్పై ఏళ్ల మనిషి. తోటివాళ్లతో మాట తక్కువ, నాతో మాత్రం తెగ వాగేవాడు. పొద్దున్నే వచ్చి, మెత్తటి గుడ్డతో నన్ను నిగనిగలాడేలా తుడిచేవాడు. నిజం చెప్పొద్దూ, నాకది బాగా అలవాటైపోయింది.

మొదట రైలు ఇరుసులు చెక్కాం. 1914లో యుద్ధం రాగానే ఫిరంగి గుండ్ల పని పడింది. చెక్కిన ప్రతి గుండునీ ఒక ఉక్కు కడియంలోంచి దూర్చి చూసేవాడు గుస్తావ్. దూరితే కొలత సరిపోయినట్టు. నాలుగేళ్లు ఊపిరి సలపకుండా చేసిన ఆ గుండ్లు ఎవరి మీద పడ్డాయో మాకు తెలియదు. అవతలి దేశపు లేతు ఏదో చేసిన గుండు మాత్రం గుస్తావ్ పెద్దకొడుకు ఎవాల్డ్ మీద పడింది. పంతొమ్మిదేళ్లు వాడికి. ఆ వారం గుస్తావ్ ఒక్క పూట కూడా పని మానలేదు.

చివరికి జర్మనీ ఓడింది. 1919లో గెలిచినవాళ్లు వెర్సాయ్‌లో ఒప్పందం రాసి సంతకం పెట్టమన్నారు. తప్పు మీదని ఒప్పుకోండి, నష్టం కట్టండి, భూములు వదలండి, సైన్యం లక్షమందికి మించనివ్వకండి, ఆయుధాలు చేసే యంత్రాలను పగలగొట్టండి. ఆ చివరి మాట నా గురించేనండీ!

తనిఖీవాళ్లు వస్తున్నారని తెలియగానే గుస్తావ్ కడియాన్ని చొక్కా కింద దాచుకుని ఇంటికి పట్టుకుపోయాడు. అతని భార్య హెడ్విగ్ అది చూసి మండిపడిందట.

"తీసుకెళ్లి ఏట్లో పారెయ్! పెద్దాణ్ణి మింగింది చాల్లేదూ? చిన్నాడినైనా నాకు దక్కనీ."

చిన్నాడు యూస్ట్‌కి అప్పటికి నాలుగేళ్లు.

"ఉండనీవే. మళ్లీ మన రోజులు రాకపోతాయా?" అంటూ గుస్తావ్ దాన్ని బంగాళాదుంపల బుట్ట అడుగున పెట్టాడు. మర్నాడు నాతో చెప్పుకుంటూ, "ఆడవాళ్లకేం తెలుసు?" అన్నాడు. నేనేమంటాను, నోరు లేనిదాన్ని.

తనిఖీకి వచ్చిన బెల్జియం అధికారికి ఒక చెయ్యి లేదు. "ఇదేం చేస్తుంది?" అని అడిగాడు. "పసిపిల్లల తోపుడుబళ్ల ఇరుసులండి," అని గుస్తావ్ అప్పటికప్పుడు ఒకటి చెక్కి చూపించాడు. అధికారి దాన్ని వేలితో నిమిరి, నా మీద సుద్దతో గీత పెట్టి వదిలేశాడు. నా పక్కనున్న పదకొండు యంత్రాలను మాత్రం సుత్తులతో బద్దలు కొట్టించాడు. చూస్తూ నిలబడ్డ పనివాళ్ల మొహాల్లో అంత కోపం, ఓడిపోయామని తెలిసిన రోజున కూడా నేను చూడలేదు. "మన చేత ముక్కు నేలకు రాయించారు కదరా!" అన్నాడొకడు.

ఆ తర్వాత రొట్టె దొరక్కపోయినా ఒప్పందమే కారణం, పని పోయినా ఒప్పందమే కారణం. ఇంటి కప్పు కారినా వెర్సాయ్‌నే తిట్టేవాళ్లు. అందులో కొంత నిజం ఉంది, కొంత లేదు. వేదికలెక్కేవాళ్లకు ఆ తేడాతో పనేముంది? ఆ పేరెత్తితే చాలు, చప్పట్లే చప్పట్లు. యూస్ట్ చదివే బడిలో పోయిన భూములకు నల్లరంగు పూసిన పటం వేలాడేదట. ఒకరోజు భోజనాల దగ్గర వాడు, "మీరు తల దించుకున్నారు నాన్నా. మేం ఎత్తుకుంటాం," అన్నాడు. గుస్తావ్ ఎంత మురిసిపోయాడో! ఆ ముక్క నాకు రెండుసార్లు చెప్పాడు.

1935లో కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని బాహాటంగానే పక్కకు నెట్టేసింది. యువకులంతా సైన్యంలో చేరాల్సిందేనంది. "పాత గుండ్ల కొలతలు ఎవరికైనా గుర్తున్నాయా?" అని ఫోర్‌మన్ అడగడమే ఆలస్యం, గుస్తావ్ ఇంటికి పరిగెత్తి కడియం తెచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టి అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. ఆ రోజు హెడ్విగ్ అతనికి వడ్డించి, తాను తినలేదట. రెండేళ్లకు యూస్ట్‌ని సైన్యంలోకి పిలిచారు.

మళ్లీ యుద్ధం మొదలైంది. 1941 చలికాలంలో, యూస్ట్ పోయాడని రష్యా నుంచి ఉత్తరం వచ్చింది. గుస్తావ్ దాన్ని జేబులో పెట్టుకుని పనికి వచ్చాడు గానీ, వెంటనే నన్ను నడపలేదు. నా మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. "అప్పుడే ఏట్లో పారేయాల్సింది," అన్నాడు. ఏడవడం నాకు చేతకాదు. ఆ రోజు పనిలో నన్ను తిప్పే బెల్టు మాత్రం రెండుసార్లు జారిపోయింది.

జర్మనీ మళ్లీ ఓడాక, 1946లో తనిఖీవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఇంగ్లిష్ అధికారి. అడిగింది మాత్రం అదే ప్రశ్న. ఫోర్‌మన్ గుస్తావ్‌ని మోచేత్తో పొడిచి, "తోపుడుబళ్లని చెప్పు," అని గొణిగాడు. నేను కూడా ఆ మాట కోసమే ఎదురుచూశాను. బతుకు మీద ఆశ ఎవరికి ఉండదు?

గుస్తావ్ జేబులోంచి కడియం తీసి అధికారి చేతిలో పెట్టాడు. "ఫిరంగి గుండ్లండి. రెండు యుద్ధాల్లోనూ. పోయినసారి అబద్ధం చెప్పాను."

"నిన్నెవరూ బలవంతపెట్టలేదే. ఎందుకు చెబుతున్నావు?" అన్నాడు అధికారి ఆశ్చర్యపోతూ.

"ఇక దీన్ని దాచనని, చిన్నాడు పోయినప్పుడు మా ఆవిడకు మాటిచ్చానండి. ఆ సుత్తి ఇలా ఇవ్వండి, నేనే కొడతాను."

ఇప్పుడు నేను కార్ఖానా వెనక తుక్కు కుప్పలో నాలుగు ముక్కలుగా పడి ఉన్నాను. కరిగించాక నన్ను ఏం చేస్తారో ఆ చేసేవాళ్లకే తెలియాలి. తోపుడుబండి ఇరుసైతే సంతోషం. గుస్తావ్ మీద నాకు కోపం లేదు. డెబ్బై దగ్గరపడ్డ ఆ మనిషి సుత్తి ఎత్తేముందు జేబులోంచి గుడ్డ తీసి, రోజూ పొద్దున్న తుడిచినట్టే, నన్ను శుభ్రంగా తుడిచాడు.