రెండుసార్లు తిరిగిన పెళ్లికార్డు

ఇలా దగ్గరికి జరగండి, ఆ గడప దగ్గర కూర్చున్న వాళ్లు కూడా. దూరం కూర్చుంటే సగం మాటలు గాలికే పోతాయి.

నాందేడ్‌లో ఇత్వారా వైపు ఒక సందు ఉంది. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు గోడకు అంటుకోవాల్సిందే. ఆ సందులోనే మన కుండల్‌వాడి వాళ్లమ్మాయి ప్రతీక్ష, ముందుగదిలో పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుని టైపింగు, జిరాక్సు, పెళ్లికార్డుల పని చేసేది. మరాఠీ కార్డయితే చాయ్ చల్లారే లోపు తయారు. ఉర్దూ కార్డు మాత్రం ఎన్నడూ ముట్టలేదు. ఆ భాష నోటికి వచ్చు గానీ చేతికి రాదు.

ఎదురింట్లో జులేఖాబీ ఉండేది, బ్లౌజులు కుట్టే ఆమె. పుట్టిల్లు బోధన్ కాబట్టి తెలుగు గలగలా మాట్లాడేది. ఆమె బిడ్డ నాజ్నీన్‌కు పెళ్లి కుదిరింది.

"కార్డు నువ్వే చెయ్యాలె బేటీ."

"నాకు ఉర్దూ రాయరాదు గద ఖాలా! పెద్ద దుకాణంల ఇయ్యరాదు?"

"చిన్నప్పుడు నా ఇంట్ల సేమ్యా తినంగ పెద్ద దుకాణం యాదికి రాలే? నాజ్నీన్ ఫోన్ల కొట్టి పంపుతది. నువ్వు కార్డు మీద పెట్టుడే. మా అత్తకు చదువంటే ఉర్దూ ఒక్కటే. కండ్ల ఆపరేషన్ అయినంక మొదలు మనుమరాలి కార్డే చదువుతనని పట్టువట్టి కూసున్నది. అఖ్బార్ పేపర్ ఇచ్చినా ముడ్తలేదు."

ప్రతీక్ష ఎదురింటి వైపు చూసింది. ముసలామె గుమ్మంలో కొత్త కళ్లద్దాల డబ్బా ఒళ్లో పెట్టుకుని, రైలు కోసం చూస్తున్నట్టు కూర్చుంది. ఇంక కాదనడం ఎలా?

ఫోనులో అక్షరాలు ముత్యాల్లా కలిసి ఉన్నాయి. అవే కంప్యూటర్‌లోకి రాగానే విడివిడిగా, ఎడమ నుంచి వరుస కట్టాయి. జులేఖాబీ నెత్తి కొట్టుకుంది.

"ఇదేంది! నా బిడ్డ పేరు తోక నుంచి మొదలైంది. అక్షరాలు అలిగినట్టు దూరం దూరం కూసున్నయ్!"

సరే, ప్రతీక్ష కొంగు దోపుకుంది. జులేఖాబీ వేలు పెట్టి చూపిస్తుంటే, కలిపి రాసే రూపాలను ఒక్కొక్కటే ఏరి, ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు పెట్టింది. మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయింది. చివరికి చూస్తే పేరు పేరులాగే ఉంది. ఫైలును ప్రెస్సుకు పంపి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం ప్రెస్సు నుంచి నమూనా కార్డు వచ్చింది. జులేఖాబీ చూసి, "మల్ల తోక నుంచే!" అంది.

ప్రతీక్ష మండిపడుతూ ప్రెస్సు నడిపే అభయ్‌కు ఫోన్ చేసింది.

"అభయ్ అన్నా, నా అక్షరాలను ఎందుకు తిప్పినవ్?"

"నేను ముట్టనే లేదు తాయీ! మా కంప్యూటర్ కొత్తది, దానికి ఉర్దూ ఎరుకే. కుడి నుంచి అదే పేర్చుకుంటది."

"అయ్యో, నేను ముందే తిప్పి పంపితి!"

"నువ్వు తిప్పితివి, అది తిప్పె. ఇగ సక్కగ ఎట్లుంటది?"

ఇప్పుడేం చేయాలో తోచక ప్రతీక్ష గుమ్మంలో నిలబడింది. సందులో జులేఖాబీకి కూరగాయల గంపతో ఒకాయన ఎదురయ్యాడు. ఆమె ఎడమకు జరిగితే ఆయనా అటే, కుడికి జరిగితే ఆయనా ఇటే. ఇద్దరికీ మర్యాదే, దారి మాత్రం దొరకదు.

"నువ్వు జర నిలవడు బాబూ! నేనే పక్కకు పోత!" అని జులేఖాబీ కసిరింది.

ప్రతీక్షకు పకపకా నవ్వొచ్చింది. తానూ ఆ కంప్యూటరూ చేసింది ఇదే కదా! ఒకరు కదలకుండా నిలబడితే చాలు. తాను తిప్పిందంతా పక్కన పడేసి, నాజ్నీన్ ఫోనులో కొట్టిన మాటల్ని నోరు పలికే వరుసలోనే, ఒక్క అక్షరం కూడా కదపకుండా పంపింది.

పొద్దున కార్డు వచ్చింది. జులేఖాబీ అడ్డం పడబోతే ప్రతీక్ష పక్కకు జరిపి, నేరుగా ముసలామె చేతిలో పెట్టింది. ఆమె డబ్బా తెరిచి, అద్దాలు తుడిచి పెట్టుకుంది. వేలు కుడి నుంచి మెల్లగా జరిగింది.

"నాజ్నీన్," అంది. మళ్లీ ఒకసారి, "నాజ్నీన్."

వేలు కింది వరుసకు దిగి, ఫోన్ నంబరు దగ్గర ఆగి, తనంతట తానే ఎడమ పక్కకు దూకింది. ఉర్దూలో కూడా అంకెలు ఎడమ నుంచే కదా చదవాలి! ప్రతీక్ష గబుక్కున కార్డు మీదికి వంగింది. అంకెల సంగతి తాను చూడనే లేదు. ముసలామె తన ఫోను తీసి, ఒక్కో అంకె చూసి నొక్కింది.

బ్లౌజు గుడ్డల కింద జులేఖాబీ ఫోన్ మోగింది. ఆమె వెతికి ఎత్తింది.

"ఎవరు?"

"దావత్ మిల్ గయీ, పిలుపు అందింది," అంది ముసలామె ఎదురుగానే కూర్చుని. "పెళ్లికి వస్తనని చెబ్దామని!"

అదీ సంగతి. రేపు మీ చేతికి ఉర్దూ కార్డు వస్తే, ఆ ముసలామె వేలు ఎటు నుంచి ఎటు జరిగిందో గుర్తు చేసుకోండి. మీ పిల్లలకూ చెప్పండి. ఆ ఫోన్ మోగడం మాత్రం వదిలేయకండి, నాకు అదే ఇష్టం.