కొబ్బరి రేటు చెప్పే కంప్యూటరు

రేపు కొబ్బరికాయ రేటు ఎంతుంటుందో ముందు దుర్గాశ్రీనివాస్ కంప్యూటరుకి తెలుస్తుంది, ఆ తరవాతే దేవుడికి. ఇంచుమించు ఇదే మాట ఇంగ్లీషులో అతని బయోడేటాలో ఉంది. తనే రాసిన ప్రోగ్రామట. మూడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదట.

నిజానికి రేటు తెలిసేది అతని మేనత్త పెద్దింట్లమ్మకి. ఉప్పలగుప్తంలో ఆవిడకి కొబ్బరి కొట్టుంది. పొద్దున్నే లోపల కొబ్బరి ఎండిన కురిడీకాయనొకదాన్ని చెవి దగ్గర ఆడించి, బయట ఆగిన లారీలకేసి ఓసారి చూసి, రేటు చెప్పేస్తుంది. శీను దాన్ని కొట్లోని కంప్యూటర్లో టైపు చేస్తాడు. అదీ ప్రోగ్రాం.

అయినా ముంబైలో షేర్లు కొని అమ్మే కంపెనీ ఒకటి అతన్ని సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పిలిచింది. అమలాపురం నెట్ సెంటర్లో రాసిన మొదటి పరీక్ష మాత్రం సొంతంగానే నెగ్గాడు. ఇక మిగిలింది ఫోన్ ఇంటర్వ్యూ. ఇది పోతే సోమవారం నుంచి రొయ్యల చెరువు కాపలా అని తండ్రి బుల్లబ్బాయి తేల్చేశాడు. టార్చిలైటు కూడా కొనేశాడు.

ఫోను ఉన్నది అత్త కొట్లోనే. పదకొండింటికి మోగింది. అవతల వాణి అనే ఇంజినీరు, అంతా ఇంగ్లీషే. అరగంట తిన్నగానే సాగింది. తరవాత, "మీ ప్రోగ్రాం ఒకసారి నడపండి. ఇవాళ వెయ్యి కాయలు ఎంతకి కొంటారు, ఎంతకి అమ్ముతారు?" అంది.

శీను రిసీవరుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "అత్తా, వెయ్యి కాయలు కొంటే ఎంత, అమ్మితే ఎంత?"

"ఎవరికిరా?"

"ముంబై వాళ్లకి."

"కొంటే మూడు వేల ఎనిమిది వందలు, అమ్మితే నాలుగు వేలు. దూరాభారం కదా."

శీను కీబోర్డు మీద టకటకా వాయించి అదే చెప్పాడు.

"ఆ రేటుకే నేను పది లక్షల కాయలు అమ్ముతాను. తీసుకుంటారా?"

మళ్లీ అరచెయ్యి. పెద్దింట్లమ్మ కురిడీ పక్కన పెట్టింది. "పది లక్షలు ఒక్కసారే వదిలించుకుంటున్నారంటే వాళ్లకేదో తెలిసిందిరా. ఓ పదివేలు తీసుకుని, రేటు తగ్గించి, సంగతేంటో కనుక్కో."

జవాబు విన్న వాణి గొంతులో హుషారొచ్చింది. "ఇంత బాగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీ ప్రోగ్రాం అంత త్వరగా ఎలా తేల్చింది?"

శీనుకి రెక్కలొచ్చాయి. సెకనుకి లక్ష లెక్కలన్నాడు. రెండు లక్షలన్నాడు. నమ్మకం కోసం రెండు చేతులా కీబోర్డు వాయించడం మొదలెట్టాడు. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికింది. అడ్డం పెట్టడానికి అరచెయ్యి ఖాళీ లేదు.

"కరెంటు పోయి గంటయ్యింది కదరా," అంది పెద్దింట్లమ్మ విసనకర్రతో విసురుకుంటూ, కొట్టు చివర కాయలు ఒలిచే కూలీలక్కూడా వినబడేలా. "ఇంకా ఆ మీటలెందుకు నొక్కుతున్నావు, అరిగిపోవూ?"

ఫోన్లో వాణి గొంతు తెలుగులోకి దిగింది.

"మాదీ మీ దగ్గరే, కె.గంగవరమండీ. కరెంటు లేకుండా నడిచే ప్రోగ్రాం రాసేరేంటండీ మీరు?"

శీను నల్లటి తెరకేసి చూశాడు. అందులో తన మొహం, వెనకాల విసనకర్ర. చెరువు గట్టు కూడా కనబడినట్టయింది.

"ప్రోగ్రాం లేదండీ," అన్నాడు. "రేటు చెప్పేది మా మేనత్తండీ. నేను టైపు చేస్తానండీ."

"ఆయ్," అంది వాణి.

"అదీ కరెంటున్నప్పుడేనండీ."