మాటులో మనిషి

పిట్టకు లెక్క రాదు. పిట్టల్ని గమనించి రాసుకునే ఆ బృందం పనంతా ఈ ఒక్క సంగతి మీదే నడిచేది. గూటికి నలభై అడుగుల దూరంలో ఖాకీ గుడ్డతో ఇరుకైన గుడారం ఒకటి వేస్తారు. దాన్ని వాళ్ళు మాటు అంటారు. మాటులోకి మనిషి దూరడం పిట్ట చూసిందంటే చాలాసేపటి దాకా గుడ్ల దగ్గరికి రాదు. అందుకని ఇద్దరు కలిసి వెళతారు. లోపల కాసేపు ఉండి, ఒకరు బయటికి వచ్చి, పిట్టకు బాగా కనబడేలా తొందర లేకుండా నడిచి వెళ్ళిపోతారు. వచ్చినవాళ్ళు పోయారనుకుని పిట్ట ధీమాగా తిరిగొచ్చి కూర్చుంటుంది. లోపల మిగిలిన మనిషి గుడ్డలో చీలిక గుండా చూసుకుంటాడు.

ఇరవై ఒక్క ఏళ్ళుగా లోపల మిగిలే మనిషి కాటా మేస్త్రీ. నడిచి వెళ్ళిపోయే మనిషి ఆయన భార్య.

కాటా మేస్త్రీ అంటే తూకాలు బాగుచేసేవాడు. కూరగాయల కొట్లోని తుప్పు కాటా నుంచి బంగారు కొట్లోని గాజుపెట్టె తక్కెడ దాకా ఏది వచ్చినా విప్పి సరిచేసేవాడు. ఇంట్లో ముందుగదిలో సగం ఆయన తూకాలు, సగం ఆమె కుట్టుమిషను. బృందంలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ఆ మాటు కుట్టింది కూడా ఆమే. ఆయన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కంటికి సరిగ్గా ఎదురుగా సుద్దముక్కతో గీత గీసి, అక్కడే చీలిక కోసింది.

ఏటా నాలుగు రోజులు రిజర్వాయరు గట్టు కింద గుడారాలు వేసుకుని ఉండేవారు. ఆయన్ను మాటులో దింపి, ఆమె రెండువందల అడుగులు నడిచి, ఒక బండ మీద గూటికి వీపు పెట్టి కూర్చునేది. ఏదో ఒక చొక్కాకి గుండీలు కుట్టుకునేది. తిరిగి చూడకూడదు. మనిషి చూపు తన మీద పడితే పిట్ట ఇట్టే పసిగట్టేస్తుందని ఆయన చెప్పాడు. చీకటి పడేముందు ఆయన టీ తాగుతూ అంతా చెప్పేవాడు. ఏది ఎప్పుడు లేచింది, ఏది ఎప్పుడు కూర్చుంది, కడుపు ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్లను ఎలా చల్లబరిచింది. ఆమె చూసిన పిట్టలన్నీ ఆయన నోటి వెంట చూసినవే.

ఆయన చలికాలంలో పోయాడు. బంగారు కొట్లో తక్కెడ సరిచేస్తుండగా ఛాతీ పట్టేసింది. ఆయన చెల్లెలు నర్సుగా పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళారు. రెండో రోజు మధ్యాహ్నం పోయాడు.

ఎండలు మొదలయ్యాక పోస్టుమాస్టరు ఇంటికి వచ్చాడు. రిటైరై పదేళ్ళయినా ఆయన్ను అందరూ పోస్టుమాస్టరు గారనే అనేవారు. బృందానికి పెద్ద ఆయనే. ముందుగదిలో తూకాల మధ్య ఖాళీ చూసుకుని కూర్చున్నాడు.

"ఆ తీతువుల జంట మళ్ళీ అక్కడే పెట్టింది చెల్లెమ్మా. నాలుగు గుడ్లు. ఈసారి మనం అక్కడుండగానే పిల్లలవుతాయి. లెక్క కట్టాను."

ఆమె మిషను మీద చెయ్యి ఆపింది.

ఆ జంటలో మగది కుడికాలు కొంచెం ఈడుస్తుంది. అందుకే రెంటినీ గుర్తుపట్టడం కుదిరేది. మేస్త్రీ నోటుపుస్తకంలో ఆ జంట గురించి అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. పిల్లలు బయటపడ్డాక గుడ్డు పెంకులు గూటి దగ్గర ఉండవు. తెల్లటి లోపలివైపు చూసి కాకులు వస్తాయని తల్లో తండ్రో వాటిని ముక్కున కరుచుకుని దూరంగా పారేసి వస్తుంది. ఎవరు పారేస్తారు? ఆయనకు అది చూడాలని ఉండేది. ఒక ఏడు కుక్కలు తిన్నాయి, ఒక ఏడు వాన ముంచేసింది, ఒక ఏడు వీళ్ళు గుడారాలు పీకిన మర్నాడు పిల్లలయ్యాయి. 'పెంకులు తీసినది' అని రాసి పక్కన చోటు వదిలేసి ఉంచాడు. ఆ చోటు ఖాళీగానే ఉంది.

"ఆ వరస నువ్వే నింపాలమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు. "వేరే ఎవరినీ కూర్చోబెట్టను."

"నేనెప్పుడూ లోపల కూర్చోలేదు అన్నయ్యగారూ."

"కూర్చోవడానికేముంది? కళ్ళున్నాయిగా."

నడిచి వెళ్ళిపోయే మనిషిగా ఆడపడుచు నర్సమ్మ వస్తానంది. వదిన ఒక్కతే వెళ్ళడం ఇష్టంలేక సెలవు పెట్టింది గానీ, ఆమెకు పిట్టలంటే పడదు. మొదటిరోజే గుడారంలో నడుం వాల్చి లేచి మొదలుపెట్టింది.

"రాళ్ళ మీద పడుకోవడానికి సెలవు పెట్టుకున్న పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే. ఏం వదినా, ఇరవై ఏళ్ళుగా మా అన్నయ్య నిన్ను షికారని తీసుకొచ్చింది ఇక్కడికా?"

"షికారని ఎప్పుడు చెప్పాడే? పని అనే చెప్పాడు."

"మరి నువ్వు రానని అనొచ్చుగా."

"అంటే ఎవరు నడుస్తారు?"

"హాయిగా ఏ దిష్టిబొమ్మనో తోలుకొచ్చేవాడు," అంది నర్సమ్మ. పక్క గుడారంలో పోస్టుమాస్టరు నవ్వడం వినబడింది.

ఆ పొద్దున ఇద్దరూ మాటులోకి వెళ్ళారు. నర్సమ్మ ఇరుకులో రెండు నిమిషాలు కూడా ఉండలేక, "ఉడికిపోతున్నా, నేను పోతా" అని బయటపడి, చెప్పినదానికంటే గబగబా నడిచి వెళ్ళిపోయింది. మిషనక్కకు చీలిక అందలేదు. అది ఆయన కంటి ఎత్తు. దుప్పటి మడతపెట్టి పీట మీద వేసుకుంటే అప్పుడు అందింది.

కాసేపటికి తీతువు వచ్చింది. ఆమె అనుకున్నదానికంటే చాలా చిన్నది. ఆయన ఎన్నడూ పెద్దదని చెప్పలేదు. ఆమే ఇన్నేళ్ళూ పెద్దగా ఊహించుకుంది. సన్నని పసుపు కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు, కడుపు కింద తడి. గులకరాళ్ళలో గుడ్లు ఎక్కడున్నాయో ఆమెకు కనబడనే లేదు, పిట్ట వాటి మీద ఈకలు విదిల్చి కూర్చునేదాకా. అప్పుడు ఒక నీటిచుక్క రాయి మీద పడటం కూడా కనబడింది. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇది ఆయన చూసేవాడు. ఇలా కూర్చుని, ఇక్కడినుంచి.

రెండో రోజూ అలాగే గడిచింది. సాయంత్రం పోస్టుమాస్టరు గట్టు మీదనుంచి పెద్ద దుర్భిణి పెట్టి చూసి వచ్చాడు.

"రెండు గుడ్ల మీద బీటలు వచ్చాయి. రేపు పొద్దున్నే వెళ్ళిపో చెల్లెమ్మా. మధ్యాహ్నం లోపల అంతా అయిపోతుంది."

మర్నాడు వెలుతురు రాగానే వదినా ఆడపడుచులు బయల్దేరారు. సగం దారిలో ఉండగా వెనకనుంచి కేకలు వినబడ్డాయి. గుడారాల దగ్గర బృందం వంటాయన మరుగునీళ్ళు కాలి మీద పోసుకున్నాడు.

నర్సమ్మ ఆగింది. "నేను లేకుండా నువ్వు వెళితే అది నమ్మదు కదా?"

"గంటసేపు మొండికేస్తుంది. తర్వాత వస్తుంది. పిల్లలు బయటికొస్తుంటే రాక ఎక్కడికి పోతుంది?"

"కట్టు కట్టేసి వచ్చేస్తా."

"రావద్దు. మళ్ళీ లేచిపోతుంది. నువ్వు అతన్ని చూడు, పో."

మిషనక్క ఒక్కతే మాటులోకి వెళ్ళింది. సంచి దించింది. ముక్కాలిపీట కదలకుండా కాళ్ళ కింద రాళ్ళు సర్దింది. దుర్భిణి కొక్కేనికి తగిలించింది. నీళ్ళసీసా మూత వదులు చేసి కుడిచేతికి అందేలా పెట్టింది. నోటుపుస్తకం ఆ రోజు పేజీకి తిప్పి, పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. చీలిక మీది గుడ్డ మడిచి గుండీ పెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఇదే వరస. చేతులకు ఎవరూ చెప్పక్కరలేదు. అంతా అయ్యాక సంచి భుజాన వేసుకుని, వంగి బయటికి వచ్చి, తలుపు గుడ్డ కొక్కెం తగిలించి, తొందర లేకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తిరిగి చూడలేదు. బండ మీద గూటికి వీపు పెట్టి కూర్చుంది. సంచి పట్టీ ఒకచోట ఊడితే సూది దారం తీసి కుట్టుకుంది. ఎండ ఇంకా లేతగానే ఉంది. వెనక ఒకటి రెండు సార్లు తీతువు అరిచి ఊరుకుంది. కూర్చుందన్నమాట అనుకుంది. చలికాలం తర్వాత ఆమె మనసు అంత నిమ్మళంగా ఎన్నడూ లేదు. పట్టీ అయిపోయాక రవికె హెమ్మింగు తీసుకుంది. సాయంత్రం ఏం చెబుతాడో, ఎవరు తీశారని చెబుతాడో అనుకుంటూ రెండు వేళ్ళతో మడత సరిచేసుకుంది. అలా గంటన్నర గడిచింది.

తర్వాత ఆమెకు గుర్తొచ్చింది. పొద్దున టాబ్లెట్ వేసుకున్నాడో లేదో. పరగడుపున వేసుకోవాల్సినది.

సూది గుడ్డలోనే ఆగిపోయింది.

ఆమె లేచి నిలబడింది. తిరిగి చూసింది. మాటు ఉన్నచోటే ఉంది, తలుపు కొక్కెం తగిలించి ఉంది. లోపల ఎవరూ లేరు. దాని అవతల ఎక్కడో గులకరాళ్ళలో గూడు. రెండు మచ్చలు కదిలినట్టు ఉంది. దుర్భిణి కొక్కేనికి వేలాడుతోంది, లోపల.

ఇప్పుడు వెళితే రెండూ లేచిపోతాయి. తడి ఆరని పిల్లలు ఎండకు మిగులుతాయి. గట్టు మీద కాకులు అప్పుడే వాలి ఉన్నాయి. వెళ్ళకపోతే, ఆయన ఇన్నేళ్ళు చూడాలనుకున్నది అక్కడ ఎవరూ చూడకుండా జరిగిపోతుంది. ఆమె ఒక అడుగు వేసింది. ఆగింది. మళ్ళీ బండ మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, మామూలు కళ్ళతో, మచ్చలు కదలడం చూస్తూ కూర్చుంది. వాటిలో ఏది కాలు ఈడుస్తోందో అంత దూరం నుంచి తెలియలేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చాక తీతువుల అరుపు మారింది. రెండు పెద్దవి ముందుకొకటి వెనక్కొకటి నడుస్తుంటే మధ్యలో ఏవో చిన్నవి దొర్లినట్టు పోయాయి, నీటి వైపు. అవి దూరమయ్యాక ఆమె వెళ్ళి చూసింది. నేలలో చిన్న గుంట, నాలుగు గులకరాళ్ళు. పెంకు ముక్క ఒక్కటి కూడా లేదు.

పోస్టుమాస్టరూ నర్సమ్మా వచ్చేసరికి ఆమె మాటు ముందు నేలమీద కూర్చుని ఉంది.

"అయిపోయిందా? నాలుగూ బతికాయి, నీళ్ళ వైపు పోతుంటే గట్టు మీదనుంచి చూశాను!" పోస్టుమాస్టరు ఆయాసపడుతూనే నోటుపుస్తకం లోపలనుంచి తెచ్చాడు. "చెప్పమ్మా, ఎవరు తీశారు? మగదా, ఆడదా?"



"ఇందులో అడగడానికేముంది?" అంది నర్సమ్మ. "ఊడ్చి ఎత్తిపోసే పని మగాడు చేస్తాడా? ఆడదే. రాసుకోండి."

"నేను చూడలేదు," అంది మిషనక్క. "లోపల అన్నీ సర్ది పెట్టి బయటికొచ్చేశాను. ఆయన ఉన్నాడనుకుని."

నర్సమ్మ నవ్వబోయి ఆగిపోయింది. పోస్టుమాస్టరు కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"పోనీలే చెల్లెమ్మా," అన్నాడు చివరికి. "ఆడదే తీసి ఉంటుంది. చాలాచోట్ల అలాగే చూశారు. ఆ వరస ఖాళీగా ఉంచడం ఎందుకు? మేస్త్రీ కోసం రాద్దాం. ఎవరు కాదంటారు?"

"ఆయన అంటాడు," అందామె. "తూకం ముల్లు మనక్కావలసిన చోట ఆగిందని ఆయన ఎప్పుడైనా రాసిచ్చాడా? మీరే రాయండి అన్నయ్యగారూ. నేను చెబుతాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మాటులో ఎవరూ లేరు."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. తర్వాత రాశాడు. పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టి, గట్టు వైపు వెళ్ళిపోయాడు.

నర్సమ్మ వచ్చి పక్కన కూలబడింది. మోకాళ్ళ చుట్టూ చేతులు బిగించుకుంది.

"వదినా. ఆ రోజు అన్నయ్య నా చెయ్యి పట్టుకుని పోయాడని చెప్పాను."

"ఊఁ."

ఆ చెయ్యి పట్టుకునే మిషనక్క ఈ మూడు నెలలూ నెట్టుకొచ్చింది. కుడిచెయ్యా, ఎడంచెయ్యా అని కూడా ఒకసారి అడిగింది. కుడిచెయ్యి అని నర్సమ్మ చెప్పింది.

"నేను లేను వదినా. నువ్వు మందులకని కిందికి వెళ్ళావు. నేను పక్క మంచం ముసలావిడకి సెలైన్ మారుస్తున్నాను, తెర అవతల. ఇటు తిరిగేసరికి..." నర్సమ్మ మాట ముక్కలైంది. "నిన్ను ఏడిపించలేక అలా చెప్పాను. అందరికీ చెప్పేశాక ఇక మార్చలేకపోయాను."

మిషనక్క నీళ్ళ వైపు చూసింది. మొహంలో కోపం లేదు. ఏదో బరువు ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టుకుంటున్నట్టు భుజాలు ఒకసారి కదిలాయి.

"ఎంతసేపు ఒంటరిగా ఉన్నాడు?"

"పది నిమిషాలు. కాదు... తెలీదు వదినా."

"తెలీకపోతే తెలీదనే చెప్పు." మళ్ళీ అడిగింది. "నువ్వు తెర తీసి చూసేసరికి కళ్ళు తెరిచి ఉన్నాయా?"

"తెరిచే ఉన్నాయి. నేనే మూశాను."

"అది చూశావుగా."

"చూశాను."

"అయితే అది చెప్పు. చూసింది ఒక్కటే చెప్పు. నెమ్మదిగా, మొదటినుంచి."

నర్సమ్మ ముక్కు చీది, చెంగుతో తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది.