దయాంగ్ కూడబెట్టిన మైళ్లు

విమానాశ్రయంలోని చాక్లెట్ల దుకాణంలో ఆరేళ్లుగా పనిచేస్తోంది దయాంగ్. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. పొద్దున్నే కౌలాలంపూర్‌లో విమానాశ్రయం రైలెక్కడం, సాయంత్రం అదే రైల్లో ఇంటికి రావడం, అంతే. ఎక్కినప్పుడల్లా కార్డు చూపిస్తే విమాన కంపెనీ దగ్గరున్న ఖాతాలో కాసిని మైళ్లు పడతాయి. తగినన్ని పోగైతే వాటితో విమానం టికెట్ తీసుకోవచ్చు. రైలెక్కినందుకు విమానం మైళ్లేమిటని మొదట్లో నవ్వుకుంది. కానీ చినుకు చినుకే చెరువైనట్టు అవి పోగవుతూనే వచ్చాయి.

ఖాతా మాత్రం భర్త ఖైరిల్ పేరు మీద ఉంది. "ఒక ఇంటికి రెండు ఖాతాలెందుకు? చీలిపోతాయి. అన్నీ ఒక్కచోటే పడనీ" అన్నాడతను. అప్పుడు సబబుగానే తోచింది.

ఆమె పుట్టిల్లు సముద్రానికి అవతల, సరవాక్‌లోని ముకా. అమ్మ పోయాక పెంచింది, తను కాక్ అని పిలిచే అక్క మజ్నాయే. ఆ అక్క ఒకరోజు మధ్యాహ్నం దుకాణానికే ఫోన్ చేసింది.

"ఒసే, పెళ్లి కుదిరిందే."

"ఎవరికి కాక్?"

"నాకే! సగ్గుమిల్లులో మిషన్లు బాగుచేసే ఆయన."

"నలభై ఆరేళ్లకా!"

"అయితే ఏం? బాగా ఎండిన సగ్గుబియ్యం పాడవుతుందా? నువ్వు రాకపోతే మాత్రం వేదిక మీంచి లేచి వెళ్లిపోతాను, చెప్తున్నా."

ఆ సాయంత్రం రైల్లో నిలబడే వచ్చింది దయాంగ్, అయినా కాళ్లు నొప్పనిపించలేదు. ఖైరిల్‌కి అన్నం వడ్డిస్తూ సంగతి చెప్పింది. "మన మైళ్లు సరిపోతాయి కదా, అబాంగ్?" అంది, భర్తని ఎప్పుడూ పిలిచే పిలుపుతో.

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. "మైళ్లు లేవు."

"లేకపోవడమేమిటి?"

"వాటితో మక్‌కి ఉమ్రా యాత్రకి టికెట్ తీశాను. పేట ఆడవాళ్లతో కలిసి వెళ్తోంది. నీకు చెప్దామనే అనుకుంటున్నా."

ఆ మాట విని అతని తల్లి మక్ రొగాయా వంటింట్లోంచి వచ్చింది. కోడలి రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "కడుపున పుట్టినదైనా ఇంత చేసేది కాదమ్మా! నువ్వే ఇమ్మన్నావని వీడు చెప్పాడు. రోజూ రైళ్లలో పడి తిరిగి, నన్ను మక్కాకి పంపుతున్నావు."

దయాంగ్ భర్త వైపు చూసింది. అతను నీళ్లు తాగుతున్నాడు. మామూలుగా కోపమొస్తే నాలుగు మాటలు అనేసేది. మక్కాకి వెళ్లే ముసలామెను ఆగమని ఏ నోటితో అంటుంది?

నాలుగు రోజుల్లో పేటంతా తెలిసిపోయింది. ప్రయాణం ముందు పెట్టే విందుకి దయాంగే పొయ్యి దగ్గర నిలబడి మాంసం వండింది. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమె బుగ్గలు పుణికింది. "కోడలంటే నువ్వే! పుణ్యంలో సగం నీదే" అంది పక్కింటి సెనా. దయాంగ్ నవ్వింది. నవ్వి నవ్వి దవడలు లాగాయి.

పెరటివైపు వెళ్లి అక్కకి ఫోన్ చేసింది. "కాక్, నేను రాలేను. సెలవు దొరకలేదు."

"అబద్ధమాడకు. నీ గొంతు నాకు తెలీదా?"

అంతే, కట్ట తెగింది. "తిరిగింది నేనే కాక్. నిద్ర కళ్లతో రైలెక్కింది నేనే. కానీ మైళ్లు నావి కావట. నన్నొక్క మాట అడగలేదు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే, ఎంగిలి పళ్లాల దొంతర పట్టుకుని మక్ నిలబడి ఉంది.

పళ్లాలు అక్కడే దించి, గదిలోకి వెళ్లి, సర్దిన పెట్టె విప్పేసింది. తెల్లబట్టలన్నీ మంచం మీద కుప్పపోసింది. "ఒకరి నోటి దగ్గరిది లాక్కుని, అక్కడికి పోయి నేనేం మొక్కుకోను?"

ఖైరిల్ గుమ్మంలో నిలబడి దయాంగ్‌ని చూసి పళ్లు కొరికాడు. "కడుపు చల్లబడిందా నీకు? టికెట్ వదిలేస్తే మైళ్లు తిరిగొస్తాయనుకుంటున్నావా? రావు. విందు తిన్నవాళ్లకి ఏం చెప్పను?"

ఇక ఆ ముసలామెను బతిమాలాల్సింది దయాంగే. నేలమీద కూచుని అత్తగారి మోకాళ్లు పట్టుకుంది.

"వెళ్లండి మక్. నేనే ఇచ్చాను."

"అబద్ధం."

"అప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడిస్తున్నాను. ఇది మాత్రం నిజం."

మక్ మంచం మీది కుప్పలోంచి ఒక బట్ట తీసింది. "నీకోసం అక్కడ అడుగుతాను."

"ఏమని?"

"అది నాకూ దేవుడికీ మధ్య." ఒక్కొక్క బట్టా తీసి మళ్లీ మడతపెట్టడం మొదలెట్టింది. దయాంగ్ రెండో కొస పట్టుకుంది.

ప్రయాణం రోజున భార్యాభర్తలిద్దరూ ఆమెను విమానమెక్కించి తిరుగు రైలెక్కారు. తలుపులు మూసుకున్నాయి. ఊరు చేరేదాకా అది ఎక్కడా ఆగదు. పెద్దపెద్ద పెట్టెలతో విమానాలు దిగిన ప్రయాణికులతో బోగీ అంతా కిక్కిరిసి ఉంది.

"అలక తీరలేదా?" అన్నాడు ఖైరిల్. "మళ్లీ పోగవుతాయిలే. అప్పుడు ముకా వెళ్దాం."

"ఇవాళ్టి నుంచి నా పేరు మీద పడతాయి. వేరే ఖాతా తెరిచాను."

అతను నవ్వాడు. "సున్నా నుంచా? ఎన్నేళ్లు పడుతుందో తెలుసా?"

"తెలుసు."

"మొగుడూ పెళ్లాలకి వేర్వేరు లెక్కలా? నలుగురూ ఏమనుకుంటారు?"

లేచి వేరేచోట కూచోవాలనిపించింది ఆమెకి. ఒక్క సీటూ ఖాళీ లేదు. అతని మోకాలు తన మోకాలికి తగులుతుంటే చేతిసంచి తీసి మధ్యలో పెట్టింది. కిటికీలో పామాయిల్ తోటలు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి.

ఫోన్ మోగింది. అక్క పంపిన ఫొటో. రేపటి పెళ్లికి గోరింటాకు పెట్టుకున్న రెండు చేతులు, సగ్గు పని చేసి చేసి మొరటుబారిన వేళ్లు. దయాంగ్ దాన్ని పెద్దది చేసుకుని చూస్తోంది.

ఖైరిల్ మెడ వంచాడు. "ఎవరివి?"

"మా పెళ్లికూతురివి" అంది దయాంగ్, తెర తన వైపు తిప్పుకుంటూ.