నీలం బుట్టలో చెప్పులు

అప్పట్లో సంచీ సర్దడం మా ఆయన పని. తువ్వాళ్ళు, మాత్రలు, ఎండకు టోపీలు, తడిబట్టలకు ఒక కవరు, చెప్పులకు ఇంకో కవరు. ఆయన సర్దుతుంటే నేను పక్కన కూర్చుని బెంగపడుతుండేదాన్ని. ఎవరు ఎక్కడికి బయలుదేరినా నాకంతే.

“బావా, నేను వెళ్ళేది సముద్రం అడుక్కి. నన్నూ ఓ కవర్లో చుట్టేస్తావా ఏంటి?” అంది మా చెల్లెలు.

“నువ్వు పడతావు గానీ నీ నోరు పట్టదు మరదలా,” అన్నారాయన.

సెలవులకని ముగ్గురం సముద్రం పక్కన గది తీసుకున్నాం. నేను మంచం మీద పుస్తకం పట్టుకుంటే, అరవై దాటిన మా చెల్లెలు వీధి చివర డైవింగ్ సెంటర్లో చేరింది. వాళ్ళ ఈతకొలనులో నేర్చుకుంది. సముద్రంలోకి దిగడం ఆ రోజే మొదలు.

“వద్దే,” అన్నాను గుమ్మంలో.

“పాల ప్యాకెట్‌కి వెళ్తున్నా వద్దే అంటావు. పద అక్కా.”

పడవ ఎక్కాక, డైవింగ్ నేర్పే మాస్టారు ఒక నీలం ప్లాస్టిక్ బుట్ట చూపించాడు.

“దిగేవాళ్ళు చెప్పులు ఇందులో పెట్టండి. పైకి వచ్చాక ఎవరివి వాళ్ళు తీసుకోండి. బుట్ట ఖాళీ అయితేనే పడవ కదులుతుంది. మా దగ్గర ఎప్పట్నుంచో ఇంతే.”

మా ఆయన ఆ మాట వినలేదు. అప్పటికే నాకు వాంతి వస్తుంటే మాత్ర వెతుకుతున్నారు.

చెల్లెలు వీపున సిలిండరు కట్టుకుని, కొత్త చెప్పులు విప్పి బుట్టలో పెట్టింది. “బావా, నా చెప్పులు జాగ్రత్త. ఈ ప్రయాణానికే కొన్నా,” అని నవ్వింది. మాస్టారి వెనకాల మిగిలినవాళ్ళతో పాటు దిగిపోయింది.

నేను తల వాల్చేశాను. నీళ్ళకేసి చూసే ఓపిక కూడా లేదు. అలల తుంపర బుట్ట మీద పడుతోంది. ఆయన ఆ చెప్పుల జత తీసి, జేబురుమాలుతో తుడిచి, కవర్లో చుట్టి సంచీలో పెట్టారు. జాగ్రత్త అందిగా మరి.

కాసేపటికి అందరూ ఒక్కొక్కరే పైకి వచ్చి చెప్పులు తీసుకున్నారు. వాళ్ళ వైపు వీపు పెట్టి నా తల పట్టుకుని కూర్చున్న మా ఆయన, వాళ్ళతో పాటే మరదలూ ఎక్కేసిందనుకున్నారు. చివర వచ్చిన మాస్టారు, “ఆ పెద్దావిడ కింద కనిపించలేదు. ముందే ఎక్కేసిందా?” అంటూ బుట్టలోకి తొంగి చూశాడు. తన జత తప్ప ఇంకేమీ లేవు. ఎక్కేసి లోపల పడుకుని ఉంటుందనుకుని తన చెప్పులు తొడుక్కున్నాడు. పడవ కదిలింది.

ఇంజను చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది.

“చెల్లెలు ఏదండీ?”

ఆయన సంచీ వైపు చూశారు. కవరు విప్పి చెప్పులు పైకి ఎత్తి చూపించారు. వాటిని చూడగానే మాస్టారి మొహం పాలిపోయింది. పడవ వెనక్కి తిప్పారు. చీకటి పడేదాకా వెతికారు. మర్నాడు ఇంకా పెద్ద పడవలు తెచ్చి వెతికారు.

ఆయన్ని నేనేమీ అనలేదు. అనడానికి ఓపిక లేదు, అని ఏం లాభమో తెలియదు. గదికి వచ్చి చూస్తే చెల్లెలి కళ్ళద్దాలు దిండు పక్కనే ఉన్నాయి. వాటిని నేనే సర్దాను. అప్పట్నుంచి మా ఇంట్లో సంచీ నేనే సర్దుతున్నాను.

మా చెల్లెలు తిరిగి రాలేదు. అది మే నెల, రెండో బుధవారం, మధ్యాహ్నం.