చేపలు ఖాళీ చెయ్యని కూలర్

మా కూలర్ అడుగు తొట్టిలో నాలుగు చేపలు కాపురం ఉంటున్నాయి. మోటారు వేస్తే అందులో ఇరుక్కుని చస్తాయి కాబట్టి, మే నెల వచ్చినా నేను కూలర్ వెయ్యడానికి వీల్లేదు. భిలాయి ఎండ ఎరిగినవాళ్లకు నా బాధ ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ కాపురం పెట్టించింది మా అమ్మాయి ప్రసూన. చలికాలంలో దాని గాజు తొట్టి పగిలితే, చేపలను తెచ్చి కూలర్‌లో వదిలింది. నాన్న పెరట్లో చిన్న చెరువు కట్టేదాకానే అంది. ఆ తర్వాత ఉద్యోగమంటూ రాయ్‌పూర్ వెళ్లిపోయింది. వారం వారం ఫోన్ చేస్తుంది. "అమ్మా, మఛ్లీలు ఠీక్ ఉన్నాయా?" అని అడుగుతుంది. అమ్మ ఠీక్‌గా ఉందా అని అడగదు.

చెరువంటే పెద్దదేం కాదు. జామచెట్టు కింద ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత గొయ్యి. గొయ్యి సంక్రాంతికే తవ్వేశారు. దాన్ని దేనితో కట్టాలన్న దగ్గరే బండి ఆగిపోయింది.

మావారు పరబ్రహ్మం గారు స్టీల్ ప్లాంటులో కొలుముల లోపల పేర్చే ఫైర్ బ్రిక్కుల విభాగంలో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో ఈ లోకంలో నమ్మదగ్గ వస్తువు ఫైర్ బ్రిక్కు ఒక్కటే. మా దేవుడి పీట కింద అదే, గ్యాస్ సిలిండర్ కింద అదే, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేదీ అదే. నా తమ్ముడు త్రినాథరావు పక్క వీధిలోనే ఉంటాడు, ప్లేట్ మిల్లులో పని. వాడికి ఇనుము తప్ప మరొకటి ఆనదు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ గొయ్యి గట్టున చేరి వాదించుకునేవారు. మధ్యలో టీలు మోసేదాన్ని నేను. మనుషులందరూ సిమెంటుతోనే కదా కట్టుకుంటారు అని ఒకసారి అన్నాను. ఇద్దరూ నన్ను చూసి జాలిగా నవ్వారు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నారు కానీ, వీళ్లవి రెండు కుందేళ్లు.

పెద్దవాడని ముందు మా ఆయనకే అవకాశం వచ్చింది. సుపేలాలో ఒక పాతసామాన్ల కొట్టు నుంచి ఫైర్ బ్రిక్కులు ఆటోలో తెచ్చారు. ఇటుకల మధ్య మామూలు సిమెంటు పెట్టడం అవమానమని, కొలిమిలో వాడే మట్టి మసాలానే కలిపారు. ఎంత అందంగా పేర్చారంటే, చూసి నాకే ముద్దొచ్చింది. బోలెడన్ని బిందెల నీళ్లు పోశాం. తెల్లారి లేచి చూస్తే గోతిలో చుక్క లేదు. మసాలా కరిగి అడుగున బురదగా పేరుకుంది. జామచెట్టు మాత్రం నిగనిగలాడుతోంది.

"మసాలాది తప్పు లేదు, హైమా. అది గట్టిపడాలంటే వెయ్యి డిగ్రీలు కాలాలి" అన్నారు ఆయన.

"ఏటండీ, చెరువుని కాలుస్తారా?" అన్నాను.

ఆయన కొంచెంసేపు నిజంగానే ఆలోచించారు. అప్పుడు నాకు భయమేసింది.

ఇక తమ్ముడి వంతు. ఫైర్ బ్రిక్కు నిప్పుకి మొగుడు కావచ్చు గానీ నీళ్లకి బానిస అని వాడు వీధి వీధంతా చాటాడు. ఎవరో వెల్డింగ్ అతనితో మందపాటి ఇనుప తొట్టి చేయించి, ట్రాలీ మీద ఊరేగించుకుంటూ తెచ్చాడు. గొయ్యి కొలత తీసుకున్నాడు, చెట్టు కొలత తీసుకున్నాడు, పెరట్లోకి దారితీసే మా గేటు కొలత మాత్రం తీసుకోలేదు. అడ్డంగా పట్టలేదు, నిలువుగా పట్టలేదు. గేటు పీకేద్దామన్నాడు. లీజు క్వార్టర్ గేటు పీకితే కంపెనీకి ఏం జవాబు చెప్పాలని మా ఆయన అడ్డం పడ్డారు. చివరికి తొట్టి రోడ్డు పక్కనే ఉండిపోయింది. సెక్టర్ టూ ఆవులన్నీ ఇప్పుడు మా ఇంటి ముందే నీళ్లు తాగుతున్నాయి.

"ఒక్క చుక్క కారిందేటి, చెప్పక్కా?" అంటాడు వాడు, ఆవుల పక్కన నిలబడి.

తొట్టి వచ్చిన రోజు రాత్రి కరెంటు కూడా పోయింది. వంటింటి నేల మీద నీళ్లు చల్లుకుని పడుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఈ ఇద్దరి ఇటుకలూ ఇనుమూ భరించాను, ఇక నా వల్ల కాదనిపించింది.

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి పవర్ హౌస్ బజారుకి వెళ్లి, లారీల మీద కప్పే నీలం తిర్పాల్ ఒకటి కొనుక్కొచ్చాను. ఆయన కట్టిన ఇటుకల మీద అది పరిచి, అంచుల మీద మిగిలిన ఫైర్ బ్రిక్కులు బరువు పెట్టాను. నీళ్లు పోశాను. నిలిచాయి. ప్లాస్టిక్కా అని ఇద్దరూ ముఖాలు చిట్లించారు గానీ, నా ముఖం చూసి చెరో పక్కకీ జారుకున్నారు. జల్లెడతో చేపలను పట్టి చెరువులో వదిలాను. కూలర్ కడిగి, కొత్త గడ్డి పెట్టించి, స్విచ్చి వేశాను. తడి గడ్డి వాసనతో ఆ గాలి ఒంటికి తగిలేసరికి, ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కూరల సంచీతో చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చి, నేరుగా కూలర్ స్విచ్చి మీద చెయ్యి వేశాను. మా ఆయన పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"వెయ్యకు, హైమా. లోపల చేపలున్నాయి."

బయట వడగాలి కొడుతోందట. పాపం, ఆ ఎండలో అవి మాడిపోతాయని, నేనటు వెళ్లగానే తెచ్చి మళ్లీ కూలర్ తొట్టిలో వేశారట. వానలొచ్చేదాకానే అన్నారు.

"మరి నేనో?" అన్నాను.

ఈ సంగతి ఆయనకు అప్పటిదాకా తట్టనే లేదు. తల గోక్కున్నారు.

"నువ్వంటే నోరున్నదానివి, చెప్పుకోగలవు. అవి చెప్పుకోలేవు కదా."

సంచీ అక్కడే పడేసి పెరట్లోకి వెళ్లాను. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చెరువులోకి దిగి, నడుము దాకా మునిగేలా కూర్చున్నాను. జామచెట్టు నీడలో నీళ్లు చల్లగా ఉన్నాయి. చేపలు మాడిపోయేంత వేడి ఎక్కడుందో నాకు కనబడలేదు. వీపుకి ఒక ఫైర్ బ్రిక్కు ఆనుకుంది. ఇన్నేళ్లకి అది నాకు పనికొచ్చింది.

కొంతసేపటికి మా ఆయన కూడా బయటికొచ్చారు. ఇంట్లో ఉడికిపోయినట్టున్నారు, బనీను ఒంటికి అతుక్కుపోయింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని గట్టున నిలబడి చెరువు వైపూ నా వైపూ చూశారు.

"కొంచెం జరుగుతావా, హైమా?" అన్నారు.

నాకు నోరుంది, నిజమే. చేపలా ఊరుకున్నాను. జరగలేదు.