లైబ్రరీ రిజిస్టరు

పొయ్యి మీద చారు మరుగుతోంది. రోజారమణి ఒళ్ళో లైబ్రరీ రిజిస్టరు పెట్టుకుని, పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. రేపు బడికి తనిఖీ. ఏడాది పొడుగునా పిల్లలు పుస్తకాలు తీసుకెళ్ళి చదివేసినట్టు ఈ సాయంత్రమే పద్దులు పుట్టించాలి. కొన్ని వరుసలు నీలం పెన్నుతో, కొన్ని నల్లపెన్నుతో. ప్రతి పేజీ అడుగునా హెడ్మాస్టరు సంతకం మాత్రం ముందే పడిపోయింది. ఆ హెడ్మాస్టరు ఆవిడ మొగుడే, గురునాథరావు. గోపాలపట్నంలో ఆయన బడి పెట్టిన రోజు నుంచీ ఆవిడ తెలుగు చెబుతోంది, పైసా జీతం లేకుండా. "ఇంటిమనిషికి జీతవేటే? ఎవలైనా ఇంటే నవ్వుతారు" అన్నాడు మొదటి నెలే. కొత్తకోడలిగా ఓ నవల పట్టుకుంటే అత్తగారు సూర్యకాంతమ్మ లాక్కుని, "పిల్లలకి సెప్పుకో సదువులు, మాకు కూర మాడకుండా సూడు" అంది. ఆ తర్వాత రోజారమణి ఒక్క పుస్తకమూ పూర్తిగా చదవలేదు. చదవండర్రా, చదవండి అని పిల్లలకి మాత్రం రోజూ చెబుతుంది.

బడి ఆఫీసులో అద్దాల బీరువా నిండా కథల పుస్తకాలే. తనిఖీవాళ్ళు చూడ్డానికి తప్ప దానికి తాళం తియ్యరు. పోయిన వారం తనిఖీ ఫొటోల కోసం తీశారు. బజార్లో చేపలమ్మే పోతమ్మ మనవరాలు అలేఖ్య, ఆరో తరగతి, కళ్ళప్పగించి చూస్తూంటే రోజారమణికి మనసాగలేదు. ఒకటి దాని సంచిలో పెట్టేసింది.

ఇవాళ పొద్దున్న గురునాథరావు బీరువాలో ఖాళీ చూశాడు. క్లాసుకొచ్చి అరిచాడు. అలేఖ్య లేచి పుస్తకం తీసింది. ఎంతవరకు చదివిందో గుర్తుకి మధ్యలో ఎండిన చేపపొలుసు పెట్టుకుంది.

"ఛీ, కంపు! దొంగతనవొకటా?"

"ఇంకా రెండు పేజీలున్నాయి సార్" అంది పిల్ల. టీచరిచ్చారని చెప్పలేదు. రోజారమణీ చెప్పలేదు.

ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ క్లాసు పిల్లే గదా. నువ్వే కొట్టు."

కొట్టింది. అయ్యో, అంత గట్టిగా ఎందుకు కొట్టిందో దేవుడికే తెలియాలి. పిల్ల ఏడవలేదు, టీచర్నే చూసింది. పొలుసు నేలమీద పడిపోయింది.

"ఏటే, రాసేవా? టీ పెట్టి తగలడు!" అని హాల్లోంచి గురునాథరావు కేక.

"రాత్తన్నాను" అంది రోజారమణి.

రాసిన అబద్ధాలన్నీ ఒక్కొక్క వరుసే అడ్డంగా కొట్టేసింది. లైబ్రరీ తన పనే కాబట్టి రేపు తనిఖీవాళ్ళ చేతికి రిజిస్టరు తనే ఇస్తుంది. చారు పొంగి పొయ్యి మీద పడుతున్నా లేవలేదు. పేజీ తిప్పి కుదురుగా రాసింది:

"అలేఖ్య, ఆరో తరగతి. రెండు పేజీలు తక్కువగా పుస్తకమంతా చదివింది. ఇచ్చింది నేనే. చదివినందుకు కొట్టిందీ నేనే."

కింద గురునాథరావు సంతకం ముందే ఉంది.